పడవవాడి వీపు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని సముద్రం మీద ఒట్టేసి చెబుతున్నాను (మా వాళ్లలో దీన్ని మించిన ఒట్టు లేదు). ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం అటూ ఇటూగా, ఏ అబద్ధానికైనా ఒక ఫొటో తోడుంటే చాలని నమ్మేవాణ్ణి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తాను. వజ్రపుకొత్తూరు వైపు ఉండే దూరపు వరస మావ కూతురి మీద ఆశపడ్డాను. మావకు పడవ, వల, పరువు మూడూ ఉన్నాయి. "సముద్రమెక్కనోడికి పిల్లనెలాగిత్తాన్రా" అన్నాడు. నాకు రోషమొచ్చింది. స్వాతంత్ర్యం రాకముందు ఆ మహానాయకుణ్ణి (పేరెందుకు, మీ ఊళ్లోనూ ఆయన విగ్రహం ఉండే ఉంటుంది) ఉప్పుటేరు దాటించింది మా తాతే, మా నాన్నకు నాన్నేననీ, టెక్కలి మ్యూజియంలో ఫొటో ఉందనీ చెప్పేశాను. ఫొటో ఉన్న మాట నిజం. ఒకసారి వానకు తలదాచుకోవడానికి దూరి చూశాను. పడవలో నాయకుడు, వెనక గెడ పట్టుకున్న మనిషి. అతని వీపు మాత్రమే కనబడుతుంది. వీపును చూసి ఎవరు గుర్తుపడతారులే అని నా ధైర్యం.

వారం తిరక్కుండా మావ నా గది ముందు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో బంతిపూల దండ, కొబ్బరికాయ. "పద, మీ తాతకి దండేసొద్దాం. పిల్ల మాట ఆనక." పోయిన పెద్దల ఫొటోకి దండ వెయ్యందే మా ఇళ్లలో పెళ్లి మాట ఎత్తరు.

మ్యూజియమంటే రెండు గదులు. నాయకుడి కళ్లజోడు, చేతికర్ర, కుర్చీ, గోడకు ఆ పడవ ఫొటో. కొబ్బరికాయ చూసి కాపలాదారు లేచి నిలబడ్డాడు.

"ఇది గుడి కాదు బాబూ. అయినా దండ నాయకుడికెయ్యాల గానీ పడవోడికేటి?"

"నాయకుడికి ఊరూరా ఏత్తన్నారు. ఈయనకెవులేసారు?" అన్నాడు మావ. "మా అల్లుడి తాత."

కాపలాదారు నన్ను ఎగాదిగా చూశాడు. "మొన్న నందిగాం నుంచొచ్చినాయనా మా తాతే అన్నాడు."

"నందిగామోలు వరి కోత్తారు, పడవేటి తోత్తారు" అని మావ తోసిపుచ్చాడు గానీ, ఫొటో అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజం సెప్పు. ఈయన మీ తాతేనా?" అన్నాడు.

అవునంటే పిల్ల నాది. ఆ కళ్లలోకి చూస్తూ అనలేకపోయాను. "కాదు మావా."

మావ పెద్ద ఊపిరి వదిలాడు. "బతికించావు. మీ అత్తనిమ్మని అడగడానికెల్లినపుడు ఈయన మా నాయినేనని సెప్పుకున్నాన్రా. ఊరంతా నమ్మేసింది. ఇద్దరికీ ఈయనే అయితే నువ్వూ పిల్లా అన్నాసెల్లెల్లైపోరా? నువ్వు తాతనొదిలెయ్యి, నేను పిల్లనిత్తాను" అని పగలబడి నవ్వాడు. దండ వెయ్యడానికి కాపలాదారే స్టూలు తెచ్చి వేశాడు.

ఒట్టు వేశాను గనక చెప్పాలి, మావ నవ్వాడన్నది నా కల్పన. ఆయన నవ్వలేదు. కండువాతో అద్దం తుడిచి, ఆ వీపు కేసి చూస్తూ నిలబడిపోయాడు. వాళ్ల నాయిన సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదనీ, ఇంట్లో దండ వెయ్యడానికి ఒక్క ఫొటో కూడా లేదనీ పెళ్లయ్యాక మా ఆవిడ చెప్పింది. మావ కూడా పోయాడిప్పుడు. మొన్న టెక్కలి వెళ్లినప్పుడు కొత్తగా వచ్చిన కాపలాదారుకు ఆ వీపు చూపించి, "మా మావగారి నాన్న" అన్నాను. నమ్మాడు పాపం. వెనక్కి వస్తూ బస్సులో కూర్చున్నాక చూసుకుంటే, నేనూ నమ్మేశాను.