రెండోసారికి దాచిన ఊపిరి

‘వన్స్ మోర్’ అనే కేకను నేను జీవితమంతా వ్యతిరేకించాను. నాటక సంఘం సమావేశాల్లో వ్యతిరేకించాను, మినిట్స్ పుస్తకంలో నా అసమ్మతిని నమోదు చేయించాను. అడవికి వెళ్ళే రాజు నగరానికి వీడ్కోలు పద్యం పాడి, జనం అడిగారని వెనక్కి తిరిగి మళ్ళీ అదే వీడ్కోలు పాడితే కథకు మర్యాద ఏమున్నట్టు? ఎవరూ నా మాట వినలేదు. చంద్రపూర్‌లో ఎండాకాలం నాటకం అంటేనే ఆ కేక.

మాది టికెట్ లేని నాటకం. మే నెలలో ఇక్కడి ఎండ సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పొద్దు వాలాక కూడా గోడలు సెగలు కక్కుతాయి, కూలర్లు వేడిగాలినే విసురుతాయి. ఎలాగూ జనమంతా బయటే ఉంటారు. అందుకే మా తెలుగువాళ్ళుండే బొగ్గుగని క్వార్టర్లకూ పాత కోటగోడకూ మధ్య ఉన్న మైదానంలో, దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టి, పాత పౌరాణిక నాటకాలు ఆడేవాళ్ళం. చుట్టుపక్కల సాస్తి నుంచి, విరూర్ నుంచి తెలుగు కుటుంబాలు చాపలూ నీళ్ళ క్యాన్లూ పట్టుకుని వచ్చేవి. మరాఠీ ఇరుగుపొరుగు కూడా వచ్చేవారు. సంగీత నాటకాలు వాళ్ళకూ ఉన్నాయి, పద్యం మళ్ళీ పాడించుకునే అలవాటూ ఉంది. తెలుగు ఒక్క ముక్క అర్థం కాని ఒక మరాఠీ టైలరు ప్రతి ఏడూ అందరికంటే ముందు ‘వన్స్ మోర్’ అనేవాడు. ఆయన మీద కూడా నాకు కోపమే.

నేను ప్రాంప్టర్ని. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మరిచిపోయిన నటుడికి మాట అందించడం నా పని. పగలు గని ఆఫీసులో హాజరు రాసేవాణ్ణి, సాయంత్రం నాటక ప్రతి అంచున ఏ రంగం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసేవాణ్ణి. మా రాజు వేషధారి మాత్రం భూగర్భ గనిలో దిగే మనిషి. వాళ్ళ ఊరూ మా ఊరూ ఆసిఫాబాద్ వైపు పక్కపక్కనే కాబట్టి నన్ను బావా అనేవాడు. ఇక్కడి మరాఠీ బడిలో చదివినవాడు, తెలుగు అక్షరం రాదు. పద్యాలన్నీ నేనే మరాఠీ లిపిలో రాసి ఇచ్చేవాణ్ణి. ఒకసారి నోటికి వచ్చాయంటే మళ్ళీ ఆ కాగితం ముట్టేవాడు కాదు. అన్నేళ్ళలో నా వైపు ఒక్కసారి కూడా చూడని నటుడు అతనొక్కడే. అందుకు నాకు కొంచెం ఉక్రోషం కూడా ఉండేది.

ఉద్యోగ విరమణ తరువాత అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. గనిలో పీల్చిన దుమ్ము పేరు మాత్రం ఏ ఆస్పత్రి కాగితంలోనూ కనిపించలేదు. ఎందుకు రాయలేదని అడుగుతూ నేను పెట్టిన అర్జీల నకళ్ళు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. జవాబులు లేవు. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడు. పాడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా పోయినేడు ఎండలు ముదిరే వేళకు మా ఇంటికి వచ్చి, ఈ ఒక్కసారి వేషం కడతానన్నాడు. ఒక షరతు పెట్టాడు. తన పద్యాలన్నీ తీసేయాలి, వీడ్కోలు పద్యం ఒక్కటే ఉంచాలి.

నాకు మండింది. పద్యాలు లేని రాజు రాజెలా అవుతాడని అడిగాను. ఆ ఒక్కదాని కోసమైతే తక్కినవి అన్నీ ఎందుకు తీయడమని అడిగాను.

“ఒక్కసారికైతే తియ్యనక్కర లేదు బావా. రెండుసార్లు పాడాలె గద. గందుకే దమ్ము దాపెడ్తున్న.”

“రెండోసారి ఎవరడుగుతరు?”

“అడుగుతరు. అడగకుంటె గది మన మైదానమేనా?” కాసేపు ఊపిరి అందుకుని అన్నాడు, “నా బిడ్డకు చెప్పకు. చెప్తె మొదటిసారి గూడ పాడనియ్యది.”

అతని కూతురు ఇక్కడే మరాఠీ బడిలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. తండ్రి మందులూ, పీల్చే గొట్టమూ అన్నీ ఆమె చేతి మీదే. ఆమెతో నేనేమీ అనలేదు. ప్రతిలో అతని పద్యాలను గీత కొట్టి, ఆ చోట మామూలు మాటలు రాశాను.

ఆ సాయంత్రం మైదానం నిండింది. కిరీటం కింద అతని ముఖం చిక్కిపోయి ఉంది. మొదటి రంగాలన్నీ మెల్లగా, పొదుపుగా నడిపించాడు. మాట చివర కూడా ఊపిరి బిగించి పట్టుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. వీడ్కోలు ఘట్టం వచ్చింది. బామ్ని నుంచి వచ్చే హార్మోనియం ఆయన శ్రుతి కొంచెం తగ్గించి పట్టాడు. అతను పాడాడు. పూర్వపు గొంతు కాదది. ఆ గొంతులో రాపిడి ఉంది, చివరి పాదంలో ఒక చోట విరుపు ఉంది. కానీ నిజంగా ఊరు విడిచిపోతున్నవాడు ఎలా పాడతాడో ఆ రోజే విన్నాను. ఆలాపన ముగించి, వాడుక ప్రకారం కుడిచేయి ఎత్తి అలాగే నిలబడ్డాడు. కేక పడేదాకా దించని చేయి అది.

కేక పడలేదు.

చప్పట్లు కొట్టారు. బాగా కొట్టారు. అతను చేయి దించలేదు. హార్మోనియం ఆయన మెట్టు మీద నుంచి వేలు తీయలేదు. ముందు వరుసలో ముసలివాళ్ళందరూ ఉన్నారు, ఒక్కరూ తలెత్తలేదు. టైలరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. అప్పుడు నేను అన్నాను, “వన్స్ మోర్.” నటుడికి తప్ప మరెవరికీ వినిపించకూడదని ఏళ్ళ తరబడి అదిమిపెట్టిన గొంతు నాది, అంతకు మించి లేవలేదు. అతనికి వినిపించింది. మొట్టమొదటిసారి నా వైపు చూశాడు. చిన్నగా నవ్వి, ఇది నువ్వు అందించే మాట కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, చేయి దించి, తరువాతి మాట అందుకున్నాడు.

నాటకం ముగిశాక కూతురు తెర వెనక్కి వచ్చింది. ముఖంలో పెద్ద గండం గడిచిన తేట.

“గట్టెక్కినం మామా. నేనే పెద్దోళ్ళ ఇండ్లన్నీ తిరిగి చెప్పొచ్చిన, వన్స్ మోర్ అనకున్రి, మా బాపుకు దమ్ము సాలదు అని. టైలర్ కాకా కాళ్ళు గూడ మొక్కిన.”

అతను దేనికోసం ఊపిరి దాచుకున్నాడో అప్పుడు ఆమెకు చెప్పాను. ఆమె వేషాల పెట్టె మీద కూర్చుండిపోయింది.

మర్నాడు ఇద్దరం కలిసి అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. కూతురు ఏడుస్తూ చెప్పింది. అతను ఆమె తల నిమిరి, నా వైపు తిరిగి అన్నాడు, “నీకు అబద్ధమాడ రాదు గద బావా. బిడ్డకెందుకు నేర్పిచ్చినవ్? గొంతు పోయింది. జనం గదే చెప్పిన్రు. గీ మైదానం ఎన్నడు తప్పు చెప్పలే.”

ఆ సాయంత్రం టైలరును వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన చేతులు జోడించి, మరాఠీలోనూ, తనకు వచ్చిన హిందీలోనూ చెప్పాడు. అతను ఆయనకు చాయ్ ఇప్పించి ఓపిగ్గా విన్నాడు. విని నవ్వాడు. “ముగ్గురు కలిసి రిహార్సల్ మంచిగ చేసిన్రు.”

అంతకు మించి ఏ సాక్ష్యం తేగలను? గడియారం చూసి రంగాలు రాసినవాణ్ణి, అర్జీలకు నకళ్ళు పెట్టుకున్నవాణ్ణి, నిజాన్ని ఎలా రుజువు చేయాలో జీవితమంతా నేర్చుకున్నవాణ్ణి. ఒక మనిషి మీద ప్రేమతో జనం నోరు మూసుకున్నారన్న సంగతి ఆ మనిషిని నమ్మించలేకపోయాను. వానలు మొదలయ్యాక అతను మంచం దిగలేదు. రెండోసారికి దాచుకున్న ఊపిరి ఏమైందో నాకు తెలియదు. వానాకాలం ముగియకముందే పోయాడు, గొంతు పోయిందనే నమ్మకంతోనే పోయాడు.

ఈ ఏడు నాటకం ఆపేద్దామని సంఘంలో కొందరన్నారు. మన పిల్లలకు తెలుగు చదవడమే రానప్పుడు ఈ పద్యాలు ఎవరి కోసమన్నారు. నేను లేచి, తెలుగు అక్షరం రాని మనిషే ఈ మైదానానికి అన్నేళ్ళు రాజుగా ఉన్నాడని గుర్తుచేశాను. ఆడాం.

రాజు వేషం సాస్తి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ లారీ నడిపే ఒక యువకుడు కట్టాడు. పాతాయనకు నేను మరాఠీ అక్షరాల్లో రాసిచ్చిన కాగితమే కూతురు వెతికి తెచ్చి ఇతనికి ఇచ్చింది. వీడ్కోలు పద్యం ఒక మోస్తరుగా పాడాడు. మూడో పాదంలో ఆగితే మాట అందించాను. ముగించగానే, వాడుక తెలియనివాడు కాబట్టి, చేయి దించేశాడు. చప్పట్లు పడి ఆగాయి.

“వన్స్ మోర్.”

ముందు వరుసలో పాతాయన కూతురు లేచి నిలబడి ఉంది. ఇంకెవరూ అనలేదు. ఆమె మళ్ళీ అంది, ఈసారి మైదానం చివరిదాకా వినిపించేలా. టైలరు కూడా మెల్లగా లేచి నిలబడ్డాడు, కానీ నోరు తెరవలేకపోయాడు. ఏం చేయాలో తెలియక యువకుడు తెర పక్కకు, నా వైపు చూశాడు. హార్మోనియం ఆయనా నా వైపే చూశాడు.

ప్రతి అంచున సమయం రాయడానికి పట్టుకున్న కలం కింద పెట్టి, పద్యం మొదటి మాట అందించాను.