పాకుతదని నేనన్న మాట

2009. దుబాయిలో కట్టడాలు ఆగిపోయి మా వైపు మనుషులు వాపసు వస్తున్న రోజులు. జగిత్యాల ఆసుపత్రిలో పెథాలజిస్టుగా నాకది నాలుగో ఏడు. డాక్టర్లు పంపే బయాప్సీలు చూసి రిపోర్టు రాయడం నా పని. బయాప్సీ అంటే అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి, పల్చగా కోసి, రంగు పట్టించి మైక్రోస్కోపులో చూడడం. మామూలుగా నా దగ్గరికి ముక్కే వస్తుంది, మనిషి రాడు. మల్లేశం మాత్రం రిపోర్టు పట్టుకుని నేరుగా నా గదిలోకి వచ్చాడు.

కోరుట్ల దగ్గరి పల్లె ఆయనది. దుబాయిలో స్కఫోల్డింగు పని, లేస్తున్న కట్టడం చుట్టూ ఇనుప పైపులను క్లాంపులతో బిగించడం. కంపెనీ పంపించేస్తే ఇంటికొచ్చి, నెలల తరబడి ఏజెంట్ల చుట్టూ తిరిగి సౌదీ వీసా సంపాదించాడు. ఎడమ మడమ కింద రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. ముల్లు విరిగిందేమోనని ఏడాదిగా పట్టించుకోలేదు. భార్య సుజాత పోరు పెడితే డాక్టరుకు చూపించాడు.

రిపోర్టులో నేను రాసింది మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్.

"పదిహేను రోజులల్ల ఫ్లైటు మేడం. రెండేండ్లు పనిచేసొచ్చి ఆపరేషన్ చేయించుకుంట. నొప్పే లేదాయె, గంత తొందరేంది?" అన్నాడు. పక్కన సుజాత, ఆమె చంకలో మూడేళ్ల బిడ్డ.

వాదించడం ఎందుకని ఆ ముక్క ఉన్న స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, "చూస్తవా?" అన్నాను. కన్ను ఆనించాడు.

"ఇది బాగున్న చర్మం. కణాలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నయ్, నడుమ సన్నటి గీతలు కనవడుతున్నయా? గా పట్టునే సెల్ జంక్షన్లు అంటం." స్లైడు కొంచెం జరిపాను. "ఇది నీ మచ్చ. రంగు కణాలను పక్క కణాలు గట్లనే పట్టి ఉంచాలె. పట్టు ఊడి ఇవి విడివిడిగ పైకి, కిందికి పోతున్నయ్. కింద నాళాలల్ల పడితే రోగం గజ్జలల్ల ఉండే లింఫు గడ్డలకు, ఊపిరితిత్తులకు పాకుతది."

చాలాసేపు చూశాడు. "క్లాంపు ఊడిన పైపులే మేడం," అన్నాడు. "అసలు పట్టు ఎందుకు ఊడుతది?" అని అడిగాడు.

ఆ నాలుగేళ్లలో ఎవరూ నన్నది అడగలేదు. నాకు హుషారు వచ్చింది. ఈ-క్యాధరిన్ అనే ప్రొటీన్ ఆ కణాలను పట్టి ఉంచుతుందనీ, క్యాన్సర్ కణం దాన్ని తయారుచేయడం తగ్గిస్తుందనీ, ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలియదనీ చెప్పాను.

"మల్ల బిగించే మందు లేదా?"

"లేదు. అవి దూరం పోకముందే కోసి తియ్యాలె."

"వీసా మల్ల తెచ్చుకుందువు తియ్యి," అంది సుజాత.

"గట్ల దొరుకుతదానె?" అని కసిరాడు. కానీ మూడో రోజు హైదరాబాదు పోయాడు. మడమ కొంత కోసి, తొడ మీది చర్మం తెచ్చి వేశారు. గజ్జల్లో లింఫు గడ్డ తీసి చూస్తే అక్కడికి ఏమీ చేరలేదు. వీసా గడువు మాత్రం దాటిపోయింది.

ఆరు నెలల తర్వాత ఆ కాగితాలు చూపించడానికి ముగ్గురూ వచ్చారు. కొంచెం కుంటుతున్నాడు. సిరిసిల్లలో బట్టల గోదాములో కూర్చుని చేసే పని దొరికిందన్నాడు. మా నర్సు మంచినీళ్లిస్తే గ్లాసు ముట్టలేదు. సంచిలోంచి తన సీసా తీశాడు.

"ఇంట్ల గూడ గింతే మేడం," అంది సుజాత. "తన పళ్లెం వేరు. పండేది బయట అర్రల, మేము లోపటింట్ల. బిడ్డను దగ్గరికి రానియ్యడు. ఎందుకంటె చెప్పడు."

మల్లేశం తల వంచుకున్నాడు. "మీరే అన్నరు కద మేడం, పాకుతదని. పిల్లకు అంటితే?"

ఒంట్లో పాకడం గురించి నేను చెప్పాను. ఇంట్లో పాకడం గురించి ఆయన విన్నాడు.

"క్యాన్సర్ ఒకలకెల్లి ఒకలకు అంటదు మల్లేశం. తాకితే రాదు, కలిసి తింటే రాదు."

"ఖాయమేనా మేడం?" రెండుసార్లు అడిగాడు. తర్వాత బిడ్డ వైపు చేతులు చాచాడు. ఆ పిల్ల తల్లి కొంగు వెనక్కి పోయింది. ఆరు నెలలు దూరం పెట్టిన మనిషి కదా. ఆయన చేతులు దించలేదు. చివరికి పిల్ల ఒక్కో అడుగూ వేసి వచ్చి ఆయన వేలు పట్టుకుంది.

ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇష్టంగా జవాబు చెప్పాను. అడగలేకపోయినది ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు. ఇప్పుడు ఎవరైనా అట్లా రిపోర్టు పట్టుకుని వచ్చి, క్యాన్సర్ అని నేనే చెప్పాల్సి వస్తే, అడిగినా అడగకపోయినా, ఆ వెంటనే నేను చెప్పేది ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనే. తర్వాత, "ఇంటికి పోయి దీని గురించి ఏం చెప్తవు?" అని అడుగుతాను. వాళ్లు చెప్పేది పూర్తిగా విన్నాకే రిపోర్టు తిరిగి చేతికిస్తాను.