కలుపు పీకితే పోతుంది, గడ్డం పోదు

గడ్డం గీసుకుంటే చాలదని నాకు తెలిసింది జనగామలోని నా టైలర్ షాపులో. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దమ్మ నా మొహంలోకి చూసి, "చెంపకు మసి అంటింది బిడ్డా, ఆగు" అని కొంగు కొస ఉమ్మితో తడిపి గట్టిగా తుడిచింది. మసి పోలేదు. మళ్లీ తుడిచింది. "ఏం మసి ఇది, పోతనే లేదు!" అంది. పోదు మరి. పొద్దున గీసుకున్న గడ్డం సాయంత్రానికి నీలంగా తొంగిచూస్తోంది. మిషన్ ఆయిల్ అని అబద్ధమాడి పంపించాను. ఆమె పోయాక అద్దం ముందు కూర్చుని ఏడ్చాను.

అప్పటికి నేను ఆడమనిషిగా బతకడం మొదలుపెట్టి కొంతకాలమైంది. హార్మోన్ మందులకు చేతుల మీద, కాళ్ల మీద వెంట్రుకలు పలచబడ్డాయి. గడ్డం మాత్రం ఖాళీ చెయ్యని కిరాయిదారులా కూర్చుంది. ఆ మందులు రాసే ఎండోక్రైనాలజిస్ట్‌ను అడిగితే, "హార్మోన్స్ గడ్డాన్ని తీయవమ్మా. లేజరో, ఎలక్ట్రాలసిసో చేయించుకోవాలి" అన్నాడు. ఆయన అమ్మా అన్నందుకు సగం బాధ అక్కడే పోయింది.

అదే వారం మహదేవపూర్ నుంచి అక్క ఫోన్ చేసింది. నా మేనకోడలికి శారీ ఫంక్షన్ పెట్టుకున్నారు. మా దిక్కు ఆ ఫంక్షన్‌లో పిల్లకు మేనమామ చీర పెట్టాలి. అక్కకు తోడబుట్టింది నేనొక్కదాన్నే. అంటే నిన్నమొన్నటి దాకా ఆ మేనమామను నేనే.

"మామ లెక్క వస్తవో, చిన్నమ్మ లెక్క వస్తవో నీ ఇష్టం" అంది అక్క. "గని ఒక్క తీరుగ రా. చీర కట్టుకొని, గడ్డం నీలంగ కనబడంగ వస్తే మా అత్తగారోళ్ల ముందట నా తలకాయ ఏడ పెట్టుకోవాలె?"

"గడ్డం నాదైతే తలకాయ నీదెట్ల పోతది?" అని ఫోన్ పెట్టేశాను. కోపం నిజమే. కానీ ఆ పిల్ల నన్ను మామా అని పిలిచిన ప్రతిసారీ నాకు లోపల కలుక్కుమనేది. ఈ ఫంక్షన్‌కు చిన్నమ్మగానే పోవాలని పంతం పట్టాను.

హన్మకొండలో ఒక స్కిన్ క్లినిక్‌కు వెళ్లాను. డాక్టర్ మేడం ప్యాచ్ టెస్ట్ చేసి, చెప్పాల్సినవన్నీ చెప్పింది. "సిట్టింగ్స్ చాలా పడతాయి, ఓపిక పట్టాలి. వచ్చే ముందు షేవ్ చేసుకోండి. ప్లకింగ్, త్రెడింగ్, వ్యాక్సింగ్ మాత్రం అస్సలు వద్దు."

మొదటి సిట్టింగ్‌కు నంబింగ్ క్రీమ్ పూశారు. అయినా పై పెదవి మీద మెషిన్ పెట్టేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొన్నాళ్లకు చెంపల మీద వెంట్రుకలు వాటంతట అవే రాలడం మొదలైంది. ఆ సంతోషం పట్టలేక దంతాలపల్లి దగ్గర మా ఊరికి, అమ్మ దగ్గరికి పోయాను. అదే నేను చేసిన పొరపాటు.

అమ్మ జీవితమంతా కూలికి కలుపు తీసింది. నేను చీర కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి నాతో మాట్లాడేది కానీ, నా మొహం వంక చూసేది కాదు. ఆ రోజు మాత్రం నా గదవ పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

"గిన్ని మిగిలినయేంది? మళ్ల గీసుకొని పోతవా? కొడవలితోని కోస్తే గడ్డి మళ్ల లేస్తది పిలగా. వేరుతోని పీకాలె."

"డాక్టర్ పీకొద్దన్నది అవ్వా."

"డాక్టరు ఎన్నడన్న కలుపు తీసిందా?"

ముల్లు తీసే చిమ్టా తెచ్చింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చెవి దగ్గర మొదలుపెట్టి సాలు తప్పకుండా పీకుతూ పోయింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. చెయ్యి పట్టుకుని ఆపేదాన్నే. కానీ ఎన్నాళ్లకో అమ్మ నా మొహం ముట్టుకుంది. ఆపమని ఎట్లా అనను?

తర్వాతి సిట్టింగ్‌కు వెళ్తే డాక్టర్ మేడం నా గడ్డం మీద వేలు పెట్టి చూసి ఆగిపోయింది.

"ఎవరు పీకారు?"

"మా అమ్మ, మేడం."

"ఎందుకు?"

"కలుపని."

ఆవిడ నుదురు పట్టుకుంది. "ఆ నల్ల వెంట్రుకే లేజర్‌ను వేరు దాకా తీసుకుపోయేది. అదే లేకపోతే నేనేం కాల్చాలి? మళ్లీ మొలిచాక రండి" అంది. లెక్క చూస్తే, ఆ సిట్టింగ్ ఫంక్షన్‌కు రెండు రోజుల ముందుకు పోయింది. ఈలోగా మొలిచే వెంట్రుకలు చర్మం లోపలే వంకరపోయి గుల్లలు లేచాయి. మేడం ఫాలిక్యులైటిస్ అని ట్యూబు రాసింది. అద్దంలో నా మొహం నాకే కాకరకాయలా కనబడింది.

ఈసారి అమ్మను వెంట తీసుకుపోయాను. నల్లద్దాలు పెట్టి మూలన కూర్చోబెట్టారు. మెషిన్ చప్పుడు కాగానే అమ్మ ముక్కు ఎగబీల్చింది. "మేక తలకాయ కాలుస్తున్నట్టున్నది" అంది. నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. మేడం ఓపికగా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అమ్మ నా గదవ వంక వేలు చూపించింది.

"అంటే గడ్డిమందు లెక్కనా? గడ్డి నిలబడి ఉంటెనే మందు ఆకుకు పట్టి వేరుకు దిగుతది. పీకినంక కొడితే మన్నుకు పోతది."

"అంతే అమ్మా."

"గా ముచ్చట ముందే చెప్పకపోతివి!" అని అమ్మ నా మీద లేచింది.

ఎర్రగా కందిన మొహంతోనే పట్టుచీర కట్టుకుని మహదేవపూర్ పోయాను. అక్క నన్ను తేరిపార చూసి మళ్లీ పనిలో పడింది. అక్క అత్తగారు దగ్గరికొచ్చి, "మొఖం గట్ల కందిందేంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"మందు కొట్టిచ్చినం వదినా. ఇంక కొన్నిసార్లు కొట్టాలె."

ఆమె పొలం సంగతనుకుంది. "ఏం మందు? మా వరిల గడ్డి ఏది కొట్టినా చస్తలేదు" అంది.

అంతలో పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. "మేనమామ ఏడి? చీర పెట్టాలె" అని ఎవరో కేకేశారు. పందిట్లో అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి.

"మామ లేడు" అంది అమ్మ, అందరికీ వినబడేలా. "చిన్నమ్మ వచ్చింది. మామలు ఉత్త చీర పెడ్తరు. మా చిన్నది జాకెట్ గూడ కుట్టుకొచ్చింది."

అప్పటిదాకా అమ్మకు నేను వచ్చిండు, పోయిండు, తిన్నడు. వచ్చింది అనడం అదే మొదటిసారి. చీర పళ్లెం అందించాను. ఆడవాళ్లు పిల్లకు చీర కట్టించడానికి లోపలికి తీసుకుపోతుంటే, అలవాటు కొద్దీ గడప బయటే ఆగాను. అక్క వెనక్కి తిరిగింది.

"ఆడ నిలబడ్డవేందే? కుచ్చిళ్లు ఎవరు పెడ్తరు?"

లోపలికి పోయాను. వెనక తలుపు వేశారు. నా మేనకోడలు జాకెట్ తొడుక్కుని, చేతులు పైకెత్తి మూతి ముడిచింది. "చిన్నమ్మా, చంకల కాడ జర బిగువైంది."

నేను కుట్టిన జాకెట్‌కు వంక పెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒక్కరోజు మాత్రం ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాను.

ఇప్పుడు చెంపలు, పై పెదవి నున్నగా ఉన్నాయి. చేతులకు, కాళ్లకు లేజర్ నడుస్తోంది. గదవ మీద తెల్ల వెంట్రుకలు లేజర్‌కు లొంగవు కాబట్టి, వాటికి సూదితో ఒక్కొక్కటిగా ఎలక్ట్రాలసిస్ చేస్తున్నారు. దానికి ముందు నాలుగు రోజులు వాటిని పెంచాలి. ఆ నాలుగు రోజులు మాస్కు పెట్టుకుని జాకెట్లు కుడతాను, దగ్గొచ్చిందంటాను.

ఈ దారిలో వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మొదటి రోజే ఇంట్లో వాళ్లను డాక్టర్ ముందు కూర్చోబెట్టండి. పీకొద్దన్న మాట మీరొక్కరే వింటే చాలదు, చిమ్టా ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లు వినాలి.