బిస్కట్టుకి ఎంత పెరుగు

నా చిన్నప్పుడు మా తరగతిలో ఏది పంచాలన్నా నన్నే పిలిచేవారు. ఏడో తరగతి చివరి రోజు విందుకి కూడా అలాగే లెక్క నా చేతిలో పెట్టారు. బడిలో పొయ్యి వెలిగించకూడదని పెద్ద మాస్టారి మాట. అందుకని పక్కింటి అక్క ఒక ఉపాయం చెప్పింది. పెరుగుని పలచటి గుడ్డలో మూటకట్టి నీళ్లు వార్చి, అందులో బెల్లం పొడి, దంచిన జీడిపప్పు, కాస్త యాలకుల పొడి కలిపితే చాలు. బిస్కట్లు అద్దుకుని తినొచ్చు.

మేం ఇరవై ఇద్దరం. తలకి ఐదు బిస్కట్లు, బిస్కట్టుకి ఒక చెంచా. మా గేదె పెరుగుని పెద్ద చెంచాతో సరిగ్గా నూట పది కొలిచి, పొద్దున్నే కిటికీ ఊచకి మూట వేలాడదీశాను. అందరికీ సరిపోతుందని ముందురోజే మాటిచ్చేశాను కూడా. బిస్కట్లు ఒకమ్మాయి నాన్న ఆమదాలవలస నుంచి తెచ్చారు.

పదకొండింటికి మూట విప్పి మళ్లీ కొలిచాను. నలభై నాలుగు చెంచాలు. బెల్లం, జీడిపప్పు కలిపాక యాభై రెండు. రెండింటికి విందు. ఇంట్లో ఇంక పెరుగు లేదు. సగం మందికి పెట్టి సగం మందిని చూస్తూ కూర్చోబెట్టాలి. గిన్నె పట్టుకుని ఏడుస్తూ అక్క ఇంటికి వెళ్లాను.

అక్క చేటలో బియ్యం ఏరుతోంది. "ఏటే, ఎవలైనా కొట్టేరా?" అంది.

"పెరుగు సగం మాయమైపోనాదక్కా."

"మాయమేటి, మూట కింద గిన్నెలో నీళ్లయి ఉంటాది. అయితే ఏటిప్పుడు?"

నా లెక్క అంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది. ఓదార్చలేదు, నీళ్లు పోసి పెంచమనీ అనలేదు. చేట పక్కన పెట్టి, నా గిన్నెలోంచి ఆ పెద్ద చెంచాతోనే ఒక చెంచా తీసి పళ్లెంలో వేసింది. వాళ్లింట్లోవి నాలుగు బిస్కట్లు నా ముందు పెట్టింది.

"అద్దుకుని తిను."

"ఇప్పుడా?"

"తినవే. బిస్కట్టుకి చెంచాడన్నావు కదా. అది బిస్కట్టనుకున్నావా, గరిటనుకున్నావా? ఎంత మోస్తాదో సూడు."

ముక్కు తుడుచుకుంటూ అద్దాను. ఒకటి తిన్నాను, రెండోది తిన్నాను. మూడోదానికి పళ్లెం శుభ్రమైంది. నాలుగోది అక్క ఉత్తిదే నోట్లో వేసుకుంది. "ఇప్పుడు కట్టు నీ లెక్క" అని మళ్లీ బియ్యం ముందు కూర్చుంది.

గిన్నెలో మిగిలినవి యాభై ఒకటి. యాభై ఒకటి మూళ్లు నూట యాభై మూడు. కావలసినవి నూట పది. ఆ రోజు విందులో అందరూ తిన్నాక కూడా గిన్నె అడుగున మిగిలింది. మాస్టర్లకీ పెట్టాం.

నా హెచ్చవేతలో తప్పు లేదు. బిస్కట్టుకి ఒక చెంచా అన్నది మాత్రం నేను ఎక్కడా చూడకుండా అనేసుకున్న మాట. అది ఆ అక్క ఒక్క చెంచాతో చూపించింది. ఆమె పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి చదువు మానేసిన మనిషి. ఆ సంగతి తలచుకుని అంతకుముందు లోలోపల నేను కొంచెం గర్వపడేదాన్ని కూడా.

లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, నేర్చుకున్నదంతా నా అంతట నేనే. ఆ ఒక్కటి మాత్రం ఆమెది. ఈ రోజుకీ ఎవరైనా ఇంతమందికి ఎంత కావాలని అడిగితే వెంటనే చెప్పను. ముందు ఒక మనిషికి పెట్టి, తినేదాకా పక్కన కూర్చుంటాను.