కిటికీలకు కూలి లేదు

ఈ సాయంత్రం సుభాష్‌పల్లిలోని మా ఇంట్లో నాన్న గెలిచారు. గోడల సిమెంటు పూతకు కాంట్రాక్టరు సింహాద్రి వేసిన లెక్కలో కిటికీలు, తలుపులు కూడా గోడలుగానే ఉన్నాయి. నాన్న వర్క్‌షాపు నుంచి రాగానే నా చేతికి టేపు ఇచ్చారు. అన్నీ కొలిచి, కిటికీలు, తలుపులు తీసేసి లెక్క కట్టి, సింహాద్రి ముందు మెల్లగా చదివాను.

“కిటికీ కాళీ జాగాకి డబ్బులేటయ్యా?” అన్నారు నాన్న.

“కిటికీ పక్కల గోడ మందానికి కూడా పూసినాం కదా బాబూ. ఆ పనికే అది. ఊరంతా ఇదే పద్ధతి.”

“ఊరి సంగతి నాకెందుకు? మా పిల్ల కాన్వెంటులో సదివింది. దాని లెక్క తప్పంతావేటి?”

సింహాద్రి తల గోక్కుని ఒప్పుకున్నాడు. వెంటనే ఇసుక మోసే పైడమ్మ వైపు తిరిగాడు.

“ఇన్నావా పైడీ? కిటికీలకి డబ్బుల్లేవంట. నీ వారం కూలిలో కోసేత్తాను.”

హాస్యమనుకుని పైడమ్మ నవ్వింది. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆగింది. “నానేటి సేసినాను బాబూ?” అని నాన్నను అడిగింది.

“అది మీలో మీరు సూసుకోండి,” అని నాన్న కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

అప్పుడామె నా వైపు చూసింది. “ఆ పక్కలు పూసినప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదమ్మా. సెప్పమ్మా.”

ఉన్నాను. కిటికీ దగ్గరే కూర్చుని చదువుకుంటాను. టేపు చుట్టుకుని లోపలికి వెళ్లిపోయాను.

భోజనాల దగ్గర నాన్న నా లెక్కను మెచ్చుకున్నారు. రేపు వంటగది పూత. పైడమ్మే వస్తుంది. నన్ను మళ్లీ కొలవమంటారు. మీ ఇళ్లలో కిటికీలకు డబ్బు ఇస్తారా? ఇస్తే, ఇవ్వాలని మీ నాన్నకు చెప్పిందెవరు?