ఎత్తెక్కేటప్పుడు గున్వోర్ అడిగే ప్రశ్నలు

గున్వోర్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. చదునులో నోరు విప్పదు, ఎత్తు మొదలైందంటే ప్రశ్నలు మొదలుపెడుతుంది. అదీ మనం చేతికర్రల మీద వేలాడుతూ, నోరంతా తెరిచి గాలి మింగుతూ, ఆదివారం పూట ఇంట్లో ముసుగుతన్ని పడుకోక ఈ మంచులో నాకేం పనని ఏడ్చుకుంటున్న సమయంలో.

"ఏమోయ్ ఐలిఫ్, మీ ఇంట్లో బంగాళదుంప ఉండలు ఎలా చేస్తారు?"

మా లోయలో చలికాలమంతా ఆదివారాలు కొందరం మంచు మీద జారే స్కీ చెక్కలు కాళ్ళకి కట్టుకుని అడవిలోకి పోతాం. అందరం యాభై దాటి, మోకాళ్ళతో రాజీపడి బతుకుతున్నవాళ్ళమే. గున్వోర్‌కి డెబ్బై దాటాయి. ఒకప్పుడు బడిలో వ్యాయామం పంతులమ్మ. మాలో సగంమంది నడుములు చిన్నప్పుడే విరగ్గొట్టింది, ఇప్పుడు పదవీ విరమణ చేసి తీరిగ్గా మిగతా సగం పని చూస్తోంది.

ప్రశ్నలు అడిగితే అడిగింది, పోనీ కొత్తవి అడగదు. మనిషికొకటి కేటాయించింది. నాకు ఉండలు. పోస్టాఫీసు ఓస్మున్‌కి పెళ్ళి.

"ఓస్మున్, మీ ఆవిడ నిన్నెలా ఒప్పుకుందయ్యా అసలు?"

"పోయిన వారమే చెప్పాను కదా!"

"చెప్పావా? గుర్తులేదే. మళ్ళీ చెప్పు."

ఓస్మున్ రొప్పుతూ, దగ్గుతూ, ఆ పడవ ప్రయాణం, ఆ వాన, ఆమె గొడుగు అన్నీ మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ కథ వాళ్ళావిడ కూడా అన్నిసార్లు విని ఉండదు. కథ సగంలో ఉండగా గున్వోర్ స్కీ పట్టీ ఊడిపోయేది. ఆవిడ వంగి బిగించుకునేదాకా మేమంతా ఆగేవాళ్ళం. పాపం, మతిమరుపు వచ్చేసింది, పట్టీలు కూడా ముసలివైపోయాయని గుసగుసలాడుకునేవాళ్ళం. ఊరంతా అదే మాట. కొట్టువాడు ఆవిడ సంచి ఇంటిదాకా మోసుకెళ్ళి, ఇది మీ ఇల్లేనండీ అని చూపించి మరీ వచ్చేవాడు.

మతి పోయినా ఆవిడ సిద్ధాంతం మాత్రం పోలేదు. మనిషి ఒళ్ళంటే పొయ్యి అంటుంది. కొవ్వేమో లావు దుంగ. నెమ్మదిగా అంటుకుంటుంది, రోజంతా కాలుతుంది. చక్కెరేమో ఎండు చితుకులు. భగ్గున మండుతుంది, కానీ ఒంట్లో ఉండే నిల్వ కొంచెమే. ఊపిరి చాలకుండా పరిగెత్తావంటే దుంగని వదిలేసి చితుకులన్నీ తగలేసుకుంటావు. అవి అయిపోతే కాళ్ళు ఆగుతాయి, తర్వాత బుర్ర ఆగుతుంది, ఈ రెండిటి మధ్యలో కోపం వస్తుంది. అందుకే ఎక్కడ ఎవరికి కోపం వచ్చినా ఆవిడ జేబులోంచి ఎండుద్రాక్ష తీస్తుంది. ఒకసారి ఊరి సభలో మంచినీటి గొట్టాల గురించి బల్లగుద్ది అరుస్తున్న పెద్దమనిషి నోట్లో నాలుగు ద్రాక్షలు కుక్కింది. ఆయన నమిలేలోపు తీర్మానం నెగ్గిపోయింది.

ఇక నా సంగతి. చలికాలం చివర మా బృందం స్కార్ కొండ దాటి అవతలి లోయలో దిగుతుంది. అది నాకు ఎప్పుడూ చేతకాలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఆఖరి ఎత్తులో కూలబడి, అలిసినవాళ్ళని దించే మంచుబండి వెనక దుప్పట్లో బస్తాలా దిగివచ్చాను. బండి నడిపేవాడు నేను బయలుదేరేటప్పుడే చెయ్యి ఊపి, "నీ దుప్పటి ఉతికించానోయ్" అనేవాడు. కొండకన్నా ఆ మాటకే ఎక్కువ అలిసిపోయాను. ఈసారి కూడా బండెక్కితే స్కీలు పొయ్యిలో పెట్టేస్తానని మా ఆవిడ తూరిడ్‌తో శపథం చేశాను.

"రంగు వేసినవి కదా, పొగొస్తుంది. గోడకి తగిలించెయ్" అంది తూరిడ్.

బాగా ఆలోచించి ఉపాయం పన్నాను. జవాబు చెప్పడానికి ఊపిరి ఖర్చు. గున్వోర్‌కి అందకుండా ముందు పోతే ఆ ఊపిరంతా కాళ్ళకి మిగులుతుంది. మొదటి ఎత్తులు ఊపుగా ఎక్కేశాను. అందరూ దారిలోని గుడిసె దగ్గర ఆగి రొట్టె, జున్ను తింటుంటే నేను ఆగలేదు. వెనకనుంచి "ఐలిఫ్, ఆగవయ్యా!" అని కేకవేసింది. వినబడనట్టే పోయాను. ఇన్నేళ్ళలో కొండమీద నేను సుఖపడింది ఆ గంటే.

ఆఖరి ఎత్తు సగంలో కాళ్ళు రాజీనామా ఇచ్చాయి. చెమట పోసి చలి పుట్టింది. కింద మంచుబండి చప్పుడు మొదలైంది. వాడికి నా వాసన ఎలా తెలుస్తుందో! మంచులో చతికిలబడి ఉంటే గున్వోర్ మిగతావాళ్ళని వెనక వదిలి వచ్చి పక్కన ఆగింది.

"ఉండలు ఎలా చేస్తారు ఐలిఫ్?"

"బంగాళదుంపలు..."

"ఊఁ?"

"ఉప్పు..."

"తురమక్కర్లేదా?"

"చస్తున్నాను ఇక్కడ! ఉండలట, ఉండలు! తీసుకెళ్ళి కొండ మీంచి దొర్లించుకో పో!"

నోరు మూసేలోపు ఎండుద్రాక్ష లోపల పడింది. తర్వాత ఫ్లాస్కులోంచి వేడి పళ్ళరసం, తియ్యగా, చిక్కగా. బండివాడు వచ్చి ఆగాడు.

"ఎక్కించమంటారా?"

"వంట గురించి మాట్లాడుకుంటున్నాం, నువ్వు పో" అంది గున్వోర్.

వాడు నావైపు జాలిగా చూసి వెళ్ళాడు. అప్పుడు ఆవిడ నా పక్కన కూర్చుని తీరిగ్గా చెప్పింది. "పచ్చి దుంపలు తురమాలి. ఉడికినవి చిదిమి కలపాలి. ఉప్పు, బార్లీ పిండి. మధ్యలో ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్క. మీ అత్తగారికి తెలియకుండా కాస్త జాజికాయ పొడి. అంతేనా?"

"అన్నీ తెలిసే అడుగుతున్నావా ఇన్నాళ్ళూ?"

"నీ ఉండలు నాకెందుకు నాయనా? నాకవి అరగవు కూడా. నువ్వు జాజికాయ దాకా ఆగకుండా చెప్పావంటే దుంగ కాలుతోందని లెక్క. పిండి దగ్గర రొప్పితే చితుకులు అయిపోతున్నట్టు. ఉప్పు దగ్గరే ఆగితే నేను ఫ్లాస్కు తియ్యాలి. వారానికో ప్రశ్న మారిస్తే పోయిన వారానికీ ఈ వారానికీ తేడా ఎలా తెలుస్తుంది?"

"మరి ఆ స్కీ పట్టీ?"

"గట్టి పట్టీయే. మీరు ఆగాలి కదా."

నాకు సిగ్గూ, నవ్వూ కలిసి వచ్చాయి. "ముందే చెప్పొచ్చుగా మహాతల్లీ! ఊరంతా నీకు మతి పోయిందనుకుంటోంది."

"అనుకోనీ. ఊపిరి కొలుస్తున్నానని తెలిస్తే మీ మగాళ్ళు రొప్పు బిగబట్టి పద్యాలు చదువుతారు. పిచ్చి ముసలిదనుకుంటే దాపరికం లేకుండా రొప్పుతారు. పద, వెనకవాళ్ళు మెల్లిగా వస్తారు. నెమ్మదిగా ఎక్కుతూ ఉండలు చెప్పు. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ అడుగు తగ్గించు."

చెప్పుకుంటూ ఎక్కాను. పందిమాంసం దగ్గర ఒకటి రెండుసార్లు తడబడ్డాను, అడుగు తగ్గించాను. కొండకొమ్ము ఎప్పుడొచ్చిందో తెలియనే లేదు. అవతలి లోయ కనబడితే కళ్ళు తుడుచుకున్నాను, గాలికి కాదు.

అవతలి లోయలో దిగేసరికి తూరిడ్ కారు దగ్గర నిలబడి ఉంది. నన్ను స్కీల మీద చూసి ముందు నమ్మలేదు. తర్వాత గున్వోర్ దగ్గరికి వెళ్ళి, వంగి, చంటిపిల్లకి చెప్పినట్టు గట్టిగా అడిగింది.

"గున్వోర్! ఇవాళ కొండ దాటావు! తెలుస్తోందా?"

గున్వోర్ అమాయకంగా చుట్టూ చూసింది. "ఏ కొండమ్మా?"

"అయ్యో పాపం. మా ఆయనే జాగ్రత్తగా తీసుకొచ్చాడా?"

"అవునమ్మా. దారంతా మాట్లాడిస్తూ, ఓపిగ్గా నడిపించాడు. బంగారం."

నేను నిజం చెప్పబోయాను. గున్వోర్ చేతికర్ర నా కాలి మీద దిగింది. వంగి స్కీలు విప్పడం మొదలుపెట్టాను. తూరిడ్ నన్ను అంత మురిపెంగా చూసి ఎన్నేళ్ళయిందో.