చెప్పేదాకా తువ్వాలు విప్పను

మా పిన్నిని వీధిలో అందరూ మైకు అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. తోపుడు బండి మీద ఉల్లిపాయలూ బంగాళదుంపలూ అమ్మే మనిషికి అంతకన్నా మంచి పేరేముంటుంది? బండి ఇంకా సందు మలుపు తిరక్కముందే పై అంతస్తుల్లో ఆడవాళ్ళు సంచులు వెతుక్కునేవాళ్ళు. పక్క బండాయన రికార్డు చేసిన గొంతును స్పీకర్లో తిప్పితిప్పి వినిపిస్తుంటే, "నీ డబ్బాకి ఛార్జింగ్ అయిపోతుంది అన్నయ్యా, నాకు అవ్వదు" అని ఆటపట్టించేది. బాబాయి పోయాక పిల్లలిద్దర్నీ ఆ గొంతుతోనే పెంచింది.

ఆ గొంతు దగ్గరే గడ్డ లేచింది. మొదట పట్టించుకోలేదు. ముద్ద దిగక కంచం పక్కకి నెట్టడం మొదలయ్యాక నేనే చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాను. థైరాయిడ్ గడ్డ, ఆపరేషన్ చెయ్యాలి, వంతు వచ్చాక పిలుస్తాం అన్నారు. ఒక వేసవంతా ఎదురుచూశాక మంచం దొరికింది.

అది డాక్టర్లను తయారుచేసే ఆసుపత్రి. పొద్దున్నే తెల్లకోట్లు గుంపుగా దిగేవి. మెడలో గడ్డ చూడటానికి వాళ్ళకో పద్ధతుంది. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు చేతులూ మెడ చుట్టూ వేసి వేళ్ళతో తడుముతారు. "నీళ్ళు మింగమ్మా" అంటారు. మింగితే గడ్డ పైకి కదులుతుందట. ఒకరి తర్వాత ఒకరు, ప్రతివాళ్ళకీ ఒక గుక్క.

"బిందెడు తాగించారే! నన్ను చూస్తున్నారా, కుండకి చిల్లుందేమోనని చూస్తున్నారా?" అంది పిన్ని.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను ఎదురుగా నిలబడి ఆవిడ ముఖం చూశాను. చేతులు పడ్డ ప్రతిసారీ భుజాలు బిగుసుకునేవి. వెనక ఎవరున్నారో తెలియదు. ఒకడి వేళ్ళు మంచుముక్కలు, ఇంకొకడు గోళ్ళు తీసుకోలేదు. బండి మీద దుంపని నొక్కి చూసేవాళ్ళు కూడా "ఏమ్మా, గట్టివేనా?" అని అడుగుతారు. వీళ్ళు అదీ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా కిక్కురుమనలేదు. ఆపరేషన్ వాళ్ళ చేతుల్లో ఉంది మరి.

మర్నాడు పెద్ద డాక్టరుగారు వచ్చి, పిన్ని మెడ మీద వేలు పెట్టి ఇంగ్లీషులో పాఠం చెప్పారు. మధ్యలో వాయిస్ అనే మాట పదేపదే వచ్చింది. చేతిలో ఫోనున్న ఎవరికైనా తెలిసిన మాటే అది. ఆ మాట దగ్గర విద్యార్థులందరూ పిన్ని వంక జాలిగా చూశారు.

"సార్, నా గొంతు గురించి ఏదో అన్నారు, ఏంటది?"

"తర్వాత చెబుతాంలే. నీళ్ళు మింగు."

పిన్ని గ్లాసు కింద పెట్టేసింది. మంచం మీది తువ్వాలు తీసి మెడకి చుట్టుకుని ముడేసింది.

"ఇది నేర్పే ఆసుపత్రమ్మా," అన్నారు ఆయన. "వీళ్ళు చూడకుండా ఎలా నేర్చుకుంటారు? ఇష్టం లేకపోతే ఇంకో చోటికి వెళ్ళు."

"నేర్చుకోవద్దని నేనన్నానా? నా దగ్గరే నేర్చుకోమనండి. కానీ నా గొంతు సంగతి ఇంతమందికి తెలిసి, నాకొక్కదానికే తెలియకపోవడమేంటి సార్? నేనెక్కడికీ వెళ్ళను. చెప్పేదాకా తువ్వాలు విప్పను."

ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. నర్సమ్మ నా చెవిలో, "వంతు పోతుంది, మీ పిన్నికి నువ్వైనా చెప్పు" అంది.

"పిన్నీ, కాస్త సర్దుకుపో."

"సర్దుకుపోయి గొంతు పోతే నువ్వొచ్చి నా బండి ముందు అరుస్తావా? అడగందే అమ్మైనా పెట్టదు. ఊరుకో."

నర్సమ్మ అన్నట్టే అయింది. పిన్ని వెళ్ళాల్సిన రోజున పక్క మంచమావిణ్ణి ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. పిన్ని తువ్వాలుతోనే తింది, తువ్వాలుతోనే పడుకుంది. ఆ ఉక్కలో మెడంతా చెమటకాయలు పేలాయి.

ఒక మధ్యాహ్నం ఆ విద్యార్థుల్లో ఒకమ్మాయి ఒంటరిగా వచ్చి పిన్ని ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేనింకా చదువుకుంటున్నాను. నన్నెవరూ పంపలేదు. ఆ రోజు సార్ అన్నది మీకు చెప్పాలని వచ్చాను. కూర్చోవచ్చా?"

కూర్చుని చెప్పింది. గొంతుకి వెళ్ళే నరాలు గడ్డని ఆనుకునే ఉంటాయట. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోవచ్చట. చాలామందికి మళ్ళీ వస్తుంది, కొందరికి రాదు. ఆపరేషన్ వద్దనుకుంటే గడ్డ పెరిగి ఊపిరికి అడ్డం పడుతుంది.

"కోసేదెవరు? నువ్వా?"

"సారేనమ్మా. మేం పక్కన నిలబడి చూస్తాం. రేపు సార్ వచ్చినప్పుడు మీ ముందే ఇదంతా అడుగుతాను, మీకర్థమయ్యేలా చెప్పమంటాను."

అడిగింది కూడా. మర్నాడు అందరి ముందే అడిగింది. ఆయన ముఖం చిట్లించారు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, మామూలు మాటల్లో మొదటినుంచీ చెప్పారు. పిన్ని ఏడ్చింది. భయమేసి ఏడ్చింది, దాచుకోలేదు. కళ్ళు తుడుచుకుని, "అలాగే కానివ్వండి" అంది. తువ్వాలు విప్పి ఆ అమ్మాయిని పిలిచింది. "ముందు నువ్వు చూడమ్మా. నెమ్మదిగా."

తర్వాతి వారం ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు గొంతు విప్పొద్దని గట్టిగా చెప్పారు. పిన్ని నోరు మూసుకుని ఉండటం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. నీళ్ళు కావాలన్నా సైగే. లోపల గొంతు మిగిలిందో లేదో తనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఇంతలో ఎదురు మంచం మీదికి ఒక ముసలావిడ వచ్చింది, కడుపులో నీరు చేరి. తెల్లకోట్లు ఆవిడ చుట్టూ మూగాయి, పెద్ద డాక్టరుగారూ ఉన్నారు. ఒకబ్బాయి ఆవిడ చీర పక్కకి లాగాడు. ఇంకొకడు పొట్ట మీద వేళ్ళతో తట్టడం మొదలుపెట్టాడు. ముసలావిడ కళ్ళు గట్టిగా మూసుకుని గోడవైపు ముఖం తిప్పుకుంది.

పిన్ని లేచింది. మెడకి కట్టుతో, గోడ పట్టుకుని నడిచింది. "పిన్నీ, మాట్లాడకు!" అని నేను వెనక పరిగెత్తాను. వినలేదు. వెళ్ళి ఆ మంచం పక్కన నిలబడింది.

"ఆవిణ్ణి అడిగారా?"

అది నా పిన్ని గొంతు కాదు. సగం గాలి, సగం గరగర. సందు చివరిదాకా కాదుగదా, ఆ గది దాటి కూడా వెళ్ళదు. పాత గొంతు మళ్ళీ వస్తుందో రాదో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు. నాకు దుఃఖం ఆగలేదు. కానీ ఆ గరగర గదిలో అందరికీ వినబడింది. పొట్ట మీది చెయ్యి వెనక్కి వచ్చింది.

పెద్ద డాక్టరుగారు పిన్నిని చూశారు, ఆమె కట్టుని చూశారు. విద్యార్థుల వైపు తిరిగి, "అడగండి" అన్నారు.

"చూడొచ్చా అమ్మమ్మా?" అన్నాడు చీర లాగిన అబ్బాయి.

ముసలావిడ కళ్ళు తెరిచింది. చీర సర్దుకుంది. "ఇప్పుడు వద్దు బాబూ" అంది.

వాళ్ళు పక్క మంచానికి వెళ్ళిపోయారు.